ఖర్చు గడి కత్తిరించిన పాఠాలు

“ఆన్‌లైన్‌లో యాడ్ పెట్టాలంటే ముందు ఓ మంచి గైడ్ కొనుక్కో. రెండు వేలు పోతే పోయాయి. అది చదవకుండా దిగావంటే ఇరవై వేలు గూగుల్‌కో ఫేస్‌బుక్‌కో ధారపోసినట్టే.” ఖమ్మం వైరా రోడ్డు మీద కొత్తగా షాపు తెరిచిన కుర్రాడైనా, భద్రాచలంలో లాడ్జి నడిపే పెద్దాయనైనా, పాల్వంచలో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముకునే గృహిణి అయినా ఇప్పుడు ఇదే మాట అంటున్నారు. చదువుకున్న పిల్లలు ఇంకాస్త గట్టిగా అంటున్నారు.

ఈ మాటలో బలం లేదనను. యాడ్ ఖాతా తెరిస్తే కనబడే గడులూ టిక్కులూ కొత్తవాడిని బెదరగొట్టే మాట నిజం. ఒక్క టిక్కు తప్పు పెడితే తెల్లారేసరికి డబ్బు అయిపోయే మాటా నిజమే. గూగుల్ తానే చెప్పే పాఠాలు ఇంకా ఖర్చుపెట్టమనే వైపు మొగ్గుతాయి కాబట్టి బయటివాడి సలహా కావాలనడంలో కూడా న్యాయం ఉంది. అప్పటికే చేతులు కాల్చుకున్నవాడి అనుభవం మనకు నెలల కాలం మిగిల్చిపెడుతుందనీ, పోయేదానితో పోలిస్తే గైడ్ ధర ఏపాటిదనీ అడుగుతారు. ఇంతవరకూ వింటే కొనేయాలనే అనిపిస్తుంది. ఒక్కో ముక్కా విడదీసి చూస్తే అనిపించదు.

1. “సంపాదించినవాడే చెబుతున్నాడు కదా”

ఇలాంటి గైడ్ల ప్రకటన మీ ఫోన్‌లో ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది. కారుకు ఆనుకుని నిలబడ్డ మనిషి, కింద ఒక స్క్రీన్‌షాట్, దాని మీద ఎర్ర బాణం: నెలలో ఇన్ని లక్షల సేల్స్. సేల్స్ వేరు, లాభం వేరని కిరాణా కొట్టు పెట్టుకున్న ఎవరికైనా తెలుసు. ఆ లక్షలు రావడానికి యాడ్‌కు ఎంత పోశారో, సరుకు ఎంతకు కొన్నారో, ఎన్ని పార్సిళ్లు తిరిగొచ్చాయో తెలియకుండా ఆ అంకెకు అర్థమే లేదు. యాడ్ ఖాతాలో ఖర్చు గడి ఫలితాల గడికి పక్కనే ఉంటుంది. స్క్రీన్‌షాట్ సరిగ్గా అక్కడే కత్తిరించి ఉంటుంది.

పోనీ, లాభం కూడా నిజమే అనుకుందాం. ఆయన అమ్మింది ఏమిటి? చాలాసార్లు ఆ గైడే. పీడీఎఫ్‌ను వందో మనిషికి అమ్మినా వెయ్యో మనిషికి అమ్మినా ప్రతికి అయ్యే ఖర్చు సున్నా. 1,999 రూపాయల గైడ్‌కు ఒక కొనుగోలుదారుణ్ని తేవడానికి యాడ్‌కు 1,500 పెట్టినా ఆయనకు 499 మిగులుతాయి.

ఇప్పుడు అదే పద్ధతితో చర్ల వైపు నుంచి తేనె తెచ్చి అమ్మే మనిషి లెక్క వేద్దాం. సీసా, కొరియర్, కొన్న ధర అన్నీ పోను కిలో మీద 120 రూపాయలు మిగులుతాయనుకోండి. క్లిక్కుకు 6 రూపాయల చొప్పున 100 క్లిక్కులు, అంటే 600. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 708. జీఎస్టీ నంబరు లేని చిన్న వ్యాపారికి ఆ 18 శాతం వెనక్కి రాదు. వచ్చిన వందమందిలో ముగ్గురు తలా ఒక కిలో కొన్నారనుకుందాం. ఒక్కో కొనుగోలుకు యాడ్ ఖర్చు 236. చేతికొచ్చేది 120. యాడ్ బ్రహ్మాండంగా పనిచేసింది, వ్యాపారి కిలోకు 116 రూపాయలు నష్టపోయాడు. పైగా గైడ్ ధర రాబట్టుకోవడానికే దాదాపు 17 కిలోల తేనె మీద వచ్చే లాభం కావాలి.

గైడ్ రాసినాయన అబద్ధం చెప్పాడని కాదు. ఆయన లెక్క ఆయన సరుకుకు సరిపోయింది. నేర్పి డబ్బు తీసుకోవడం తప్పేమీ కాదు కూడా. కాగితం మీద నిజమైన ఆ పద్ధతి తేనె సీసాకు కూడా నిజమవుతుందని ఎవరు రుజువు చేశారన్నదే ప్రశ్న. ఎవరూ చేయలేదు.

2. “పద్ధతి తెలిస్తే ఏ ఊళ్లోనైనా పనిచేస్తుంది”

నాకు అన్నిటికన్నా ఎక్కువ అభ్యంతరం ఉన్నది ఈ మాట మీదే.

గూగుల్‌లో యాడ్ మొదలుపెట్టేటప్పుడు ఏ ఊరికో ఎంచుకోవాలి. ఆ గడి కిందనే ఇంకో చిన్న ఎంపిక ఉంటుంది. ఆ ఊళ్లో ఉన్నవాళ్లకూ ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లకూ కలిపి చూపించాలా, లేక ఊళ్లో ఉన్నవాళ్లకు మాత్రమేనా అని. గూగుల్ మొదటిదాన్నే ముందుగా ఎంచి పెడుతుంది. గైడ్లలో తరచూ కనబడే సలహా ఏమిటంటే, వెంటనే రెండోదానికి మార్చండి, లేకపోతే డబ్బు నీళ్లపాలు అని. ఖమ్మంలో ఏసీలు బాగుచేసే మెకానిక్‌కు ఈ సలహా అక్షరాలా సరైనది. ఖమ్మం మీద ఆసక్తి ఉన్న బెంగళూరు మనిషి ఏసీ ఆయన బాగుచేయలేడు కదా.

అదే సలహా భద్రాచలం లాడ్జి యజమాని పాటిస్తే ఏమవుతుంది? భద్రాచలంలో ఉన్న మనిషికి భద్రాచలంలో గది ఎందుకు? ఇల్లైనా ఉంటుంది, లేదా అప్పటికే ఇంకో లాడ్జిలో దిగి ఉంటాడు. గది కావలసినవాడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రాజమండ్రిలోనో కూర్చుని ఫోన్‌లో వెతుకుతున్నాడు. గైడ్ మాట విన్న పాపానికి లాడ్జి యాడ్ సరిగ్గా ఆయనకే కనబడదు. మెకానిక్‌ను కాపాడిన సలహాయే ఇక్కడ లాడ్జిని ముంచింది. ఏ వ్యాపారానికి ఏది వర్తిస్తుందో విడమరిచి చెప్పని గైడ్‌లో ఈ సలహా ఉన్నా లేకపోయినా ఒకటే.

ఇంకా ఉంది. జులై, ఆగస్టు నెలల్లో ‘భద్రాచలం’ అని వెతికేవాళ్లలో ఎంతోమందికి కావలసింది గది కాదు, గోదావరి నీటిమట్టం. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నది 71 అడుగులు దాటినప్పుడు రెండు రాష్ట్రాల కళ్లూ ఆ అంకె మీదే ఉన్నాయి. అలాంటి రోజుల్లో ‘భద్రాచలం’ అన్న మాటను బ్రాడ్ మ్యాచ్‌లో, అంటే దానితో సంబంధమున్న వెతుకులాటలకు కూడా యాడ్ చూపించే పద్ధతిలో, పెట్టి వదిలేస్తే యాడ్ ఎవరెవరికి పోతుందో ఊహించుకోండి. వరద వార్త కోసం వచ్చినవాడు పొరపాటున నొక్కినా లాడ్జి ఖాతాలో క్లిక్కు పడ్డట్టే. వాన లేని రోజుల్లోనూ గుడి వేళలు వెతికేవాళ్లు, బస్సు టైము వెతికేవాళ్లు, ‘శ్రీరామదాసు’ సినిమా పాటలు వెతికేవాళ్లు ఉంటారు. వీళ్లందరినీ వడకట్టాలంటే వద్దనుకున్న మాటల జాబితా ఒకటి కావాలి. వరద, నీటిమట్టం, అడుగులు, టైమింగ్స్, సాంగ్స్ ఇలా, అవీ జనం టైపు చేసే ఇంగ్లీషు అక్షరాల వరసలోనే. ఏ గైడ్‌లో ఈ జాబితా ఉంటుంది? గైడ్‌లో ఉండేది ‘ఫ్రీ’, ‘జాబ్స్’ లాంటి నాలుగు మాటలు.

ఆ జాబితా దొరికే చోటు మీ సొంత ఖాతానే. సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ అని ఉంటుంది. మీ యాడ్ నొక్కినవాళ్లు నిజంగా ఏమని టైపు చేశారో అందులో చాలావరకు బయటపడుతుంది. వారానికోసారి అరగంట కూర్చుని అది చదివే లాడ్జి యజమానికి తెలిసేది ఏ గైడ్ రచయితకూ తెలియదు.

ఇక సరిహద్దు సంగతి. 2014లో పోలవరం ప్రాజెక్టు పేరు మీద చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. ఊరు దాటి నాలుగడుగులు వేస్తే ఎటపాక, అది వేరే రాష్ట్రం. భద్రాచలంలో ఆసుపత్రికైనా బట్టల షాపుకైనా వచ్చేవాళ్లు దుమ్ముగూడెం, చర్ల నుంచి ఎలా వస్తారో కూనవరం, చింతూరు నుంచీ అలాగే వస్తారు. ఛత్తీస్‌గఢ్‌లోని కుంట నుంచీ వస్తారు. ‘మీ జిల్లా ఎంచుకోండి’ అనే గైడ్ మాట విని భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎంచుకుంటే అసలు ఖాతాదారుల్లో ఓ పెద్ద భాగం గీత అవతల ఉండిపోతుంది. పోనీ రాష్ట్రం మొత్తం ఎంచుకుంటే ఆదిలాబాద్‌లో మీ చీరల యాడ్ తిరుగుతుంది, ఎటపాకలో తిరగదు. మ్యాప్ మీద ఊరి చుట్టూ కిలోమీటర్ల లెక్కన వలయం గీసుకోవాలన్న సంగతి ఇక్కడ పుట్టి పెరిగినవాడికి చెప్పకుండానే తడుతుంది. ఎక్కడో కూర్చుని రాసినవాడికి తట్టదు, తట్టనక్కరా లేదు. ఆయన రాసింది ఈ ఊరి కోసం కాదు.

3. “ఒకసారి కొంటే జీవితాంతం మీదే”

ఎవరి జీవితాంతం? గూగుల్ ఈ యాడ్ల వ్యాపారాన్ని 2000లో యాడ్‌వర్డ్స్ పేరుతో మొదలుపెట్టింది. 2018లో పేరు గూగుల్ యాడ్స్ అయింది. పాత గైడ్లలో అధ్యాయాలకు అధ్యాయాలు ఆక్రమించిన బ్రాడ్ మ్యాచ్ మాడిఫయర్‌ను 2021లో తీసేశారు. 2022 జూన్ 30 తర్వాత ఎక్స్‌పాండెడ్ టెక్స్ట్ యాడ్ అనే పాత రకం యాడ్ కొత్తగా రాసే వీలు లేదు. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ తన ఫోన్లలో యాప్‌లు మన జాడ తీయడానికి ముందు మన అనుమతి అడగాలన్న నియమం పెట్టగానే ఫేస్‌బుక్ యాడ్ల మీద అప్పటిదాకా రాసిన సలహాల్లో సగం తలకిందులయ్యాయి. ఇప్పుడు గూగుల్‌లో పెర్ఫార్మెన్స్ మ్యాక్స్ అనే రకం యాడ్లలో నిర్ణయాలు ఎక్కువ భాగం యంత్రమే తీసుకుంటోంది.

కాబట్టి గైడ్ మీద ధర కన్నా ముందు చూడవలసింది తేదీ. చాలావాటి మీద అది ఉండదు.

4. “ఉచితంగా వచ్చేదానికి విలువ ఉండదు”

ఎదుటివాళ్ల వాదనల్లో నేను నిజంగా గౌరవించేది ఇక్కడే ఉంది, అందుకే కాస్త ఆగుతాను. గూగుల్ వాళ్ల స్కిల్‌షాప్, ఫేస్‌బుక్ యజమాని మెటా వాళ్ల బ్లూప్రింట్, రెంటిలోనూ పాఠాలు ఉచితమే. ఎందుకు ఉచితం? మీరు నేర్చుకుని ఖర్చుపెడితే వాళ్లకు ఆదాయం కనుక. ఖాతాలో కనబడే సిఫార్సుల్లో ‘బడ్జెట్ పెంచండి’ అన్నది ఎంత తరచుగా వస్తుందో యాడ్ పెట్టిన ప్రతివాడికీ తెలుసు. ఆ పాఠాలను కళ్లు మూసుకుని నమ్మకూడదు, ఒప్పుకుంటాను.

అయితే దాని మందు కొన్న గైడ్‌లో ఉందా? గూగుల్ చెప్పింది ఇక్కడ తప్పు, నా ఖాతాలో ఇంత పోయింది, ఇదిగో లెక్క అని చూపించే గైడ్ ఉంటే దానికి విలువ ఉంది. అంగట్లో తిరిగేవాటిలో ఎక్కువ భాగం అదే ఉచిత పాఠాన్ని తిరగరాసి, అట్ట వేసి, ధర పెట్టినవి. కంపెనీ మొగ్గు కంపెనీ మొగ్గుగానే ఉంది, దాని మీద మీ రెండు వేలు అదనం.

భాష సంగతి వేరు. స్కిల్‌షాప్ పాఠాలు ఇంగ్లీషులో చదువుకోలేని వ్యాపారి ఈ ప్రాంతంలో చాలామంది. వాళ్లకు తెలుగులో విప్పి చెప్పడం కష్టమైన పనే, దానికి కూలి ఇవ్వవలసిందే. అలా అమ్మేవాళ్లు ‘ఉచిత పాఠం తెలుగు చేశాను, నా శ్రమకు ఇంత’ అని చెబితే నేనే పదిమందికి కొనమని చెబుతాను. వాళ్లు అమ్మేది మాత్రం ‘రహస్యం’. రహస్యమేమీ లేదు. యాడ్ల చోటు కోసం జరిగే వేలంలో మీ యాడ్ ఎక్కడ నిలబడాలన్నది మీరు చెప్పిన ధరతో పాటు యాడ్ నాణ్యత, నొక్కాక తెరుచుకునే పేజీ ఎలా ఉందన్నది చూసి నిర్ణయిస్తామని గూగుల్ తన సహాయ పేజీల్లో తానే రాసిపెట్టింది.

డబ్బు పెట్టి కొన్నదైతేనే శ్రద్ధగా చదువుతాం అనేవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లు ఆ రెండు వేలే సొంత యాడ్‌లో పెట్టి, రోజుకు వంద చొప్పున, ప్రతి క్లిక్కూ ఎక్కడ పోయిందో చూసుకుంటే సరిపోతుంది. సొంత డబ్బు పోతున్నప్పుడు పుట్టేంత శ్రద్ధ ఏ పీడీఎఫ్ చదివినా పుట్టదు.

5. “పోతే రెండు వేలే కదా”

రెండు వేలతో ఆగితే నేను ఇంత రాసేవాణ్ని కాను. అది మెట్ల మీద మొదటి మెట్టు. ముందు 99 రూపాయల వెబినార్. అందులో రెండు గంటలు ఊరించి గైడ్ అమ్ముతారు. గైడ్ చివర ‘పూర్తి విషయం మెంటార్‌షిప్‌లో’ అని ఉంటుంది, దాని ధర వేలల్లో, వాయిదాల సౌకర్యంతో. కింద మెట్టు మీద డబ్బు పోగొట్టుకున్నవాడే పై మెట్టుకు మంచి గిరాకీ. ఇప్పటిదాకా పెట్టింది వృథా కాకూడదని ఇంకొంచెం పెడతాడు.

గైడ్ పనిచేయకపోతే? ‘మీరు సరిగా పాటించలేదు’. పనిచేస్తే? గైడ్ గొప్పతనం. గెలుపు వాడిది, ఓటమి నీది. ఏం జరిగినా తప్పు పట్టడానికి వీల్లేకుండా మాట్లాడేవాడు చెప్పిన పద్ధతి పనిచేస్తుందో లేదో ఎప్పటికీ తేలదు. డబ్బు వాపసు హామీ సంగతీ అంతే. ‘అన్ని పాఠాలూ పూర్తిచేసి, యాడ్స్‌కు ఇంత ఖర్చుపెట్టినట్టు రుజువు చూపితే’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంటే రెండు వేలు వెనక్కి రావాలంటే ముందు ఇరవై వేలు పోగొట్టుకోవాలి. ఏ ఇరవై వేలు పోతాయని భయపెట్టి గైడ్ అమ్మారో అవే.

ఈ భారం పడేది ఎవరి మీద? ఇల్లెందులోనో మణుగూరులోనో డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం దొరకని కుర్రాడు మెంటార్‌షిప్ దాకా వెళ్తాడు. పెట్టిన డబ్బు రాబట్టుకోవడానికి ఆ పాఠాన్నే ‘డిజిటల్ ప్యాకేజీ’ అని పక్కవీధి బట్టల షాపుకు అమ్ముతాడు. షాపాయనకు నష్టం వస్తే తిట్లు కుర్రాడికి. గైడ్ రాసినాయన దాకా ఏదీ వెళ్లదు.

తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద చర్యకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, ఆ చట్టం కింద 2020లో ఏర్పడిన కేంద్ర సంస్థ ఉంది, ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. వాడుకోవాలి. ‘నా తెలివితక్కువే’ అని ఊరుకుంటున్నాం కాబట్టే మెట్లు ఇంకా అలాగే ఉన్నాయి.

భయపెట్టే మాటలే కాదు, ఆశ చూపించే మాట కూడా ఒకటి వినబడుతుంది: “గిరిజన మహిళలు చేసిన బిస్కెట్లు లండన్ పోతున్నాయి, మనం యాడ్ నేర్చుకుంటే మనవీ పోతాయి.” 2025 జూన్ మన్ కీ బాత్‌లో ప్రధాని ప్రస్తావించిన ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ సంగతి అది. అందులో చెప్పిన విషయాన్ని జాగ్రత్తగా వింటే వరస తెలుస్తుంది. ఒకప్పుడు కూలికి వెళ్లిన ఆడవాళ్లు స్వయం సహాయక సంఘంగా కలిశారు, శిక్షణ తీసుకున్నారు, చిరుధాన్యాలతో సరుకు తయారుచేశారు. అవే చేతులు శానిటరీ ప్యాడ్లు కూడా మూడు నెలల్లో 40,000 తయారుచేశాయని ఆ ప్రసంగంలోనే ఉంది. ముందు చెయ్యగలిగారు, తర్వాత ఊరు దాటింది. గైడ్లు ఈ వరసను తిరగేస్తాయి. యాడ్ నేర్చుకో, సరుకు తర్వాత చూసుకోవచ్చు అంటాయి. నెలకు యాభై కిలోలు చేసే సంఘానికి వారంలో అయిదు వందల ఆర్డర్లు తెచ్చిపెట్టే యాడ్ మేలు చేసినట్టా, కీడు చేసినట్టా? ఆలస్యమైన ప్రతి పార్సిల్‌కూ ఒక్క చుక్క రేటింగ్ పడుతుంది, అది మాత్రం చెరగదు.

మరి ఏదీ కొనకూడదా? కొనవచ్చు. మొదట ఉచితమైన పనులు అయిపోవాలి: గూగుల్ మ్యాప్స్‌లో షాపు వివరాలు, ఫోన్ నంబరు, తెరిచే వేళలు సరిగా పెట్టడం, నాలుగు మంచి ఫొటోలు, వాట్సాప్ బిజినెస్‌లో ధరల పట్టిక. భద్రాచలంలో గది కావలసినవాడు ముందు తెరిచేది మ్యాపే. అక్కడ తప్పు నంబరు ఉంచుకుని యాడ్ గైడ్ కొనేవాళ్లను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. తర్వాత ఒక్కో అమ్మకం మీద ఎంత మిగులుతుందో కాగితం మీద వేసుకోవాలి. అది తెలియనివాడికి ఏ గైడూ పనికిరాదు, తెలిసినవాడికి సగం గైడ్లు అక్కర్లేదు. ఆ పైన చిన్న యాడ్ ఒకటి సొంతంగా నడిపి, అప్పటికీ అంతుపట్టకపోతే, డబ్బు పెట్టవలసింది పుస్తకం మీద కాదు, మీ ఖాతా తెరిచి మీ పక్కన గంటసేపు కూర్చునే మనిషి మీద. ఆయన చూసేది మీ అంకెలు.

అయినా గైడే కావాలంటే, ఖమ్మం మిర్చి యార్డులో చేసినట్టే చేయండి. బస్తాలోంచి కాయ తీసి రంగూ తేమా చూడకుండా అక్కడ ఎవరూ ధర మాట్లాడరు. గైడ్ అమ్మేవాణ్ని కూడా లోపలి సరుకు చూపించమనండి. ఏ నెలలో, ఏ ఊళ్లో, ఏ వ్యాపారానికి యాడ్ నడిపారు? ఎంత పెట్టారు, ఎంత మిగిలింది? నష్టపోయిన యాడ్ ఒక్కటైనా చూపిస్తారా? ఈ గైడ్ చివరిసారి ఎప్పుడు మార్చారు? స్క్రీన్‌షాట్ పంపిస్తే ఖర్చు గడితో సహా పూర్తిగా పంపమనండి. కుదరదన్నాడా, ఆ గైడ్ తొంభైతొమ్మిదికి ఇచ్చినా కొనకండి.